ఊరు కాని ఊళ్లో మన జట్టు

ఢిల్లీ గేట్ దగ్గరి అంబేద్కర్ స్టేడియం గ్యాలరీలో కూర్చుంటే ఆట కంటే ముందు రాజధానికి వలస వచ్చినవాళ్ల చరిత్ర కనిపిస్తుంది. అందులో హైదరాబాద్‌కూ ఒక పేజీ ఉంది. దాన్ని తిరగేసేవాళ్లే తక్కువ.

2016 సెప్టెంబర్ 11, ఆదివారం. పాత ఢిల్లీలోని చావ్డీ బజార్ మెట్రో స్టేషన్ నుంచి పైకి వచ్చేసరికి పెళ్లికార్డుల దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. సైకిల్ రిక్షాల దగ్గర మాత్రం ఒకటే సందడి. యూనివర్సిటీ వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు ముగ్గురేసి, నలుగురేసి ఒక్కో రిక్షాలో ఇరుక్కుంటున్నారు. అందరూ వెళ్లేది ఒక్కచోటికే, ఢిల్లీ గేట్‌కు. నన్ను వెంటబెట్టుకు వెళ్తున్న హాస్టల్ మిత్రుడిది ఇంఫాల్. అప్పుడు నేను రాజనీతి శాస్త్రంలో ఎంఏ చదువుతున్నాను. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా నాలుగేళ్లకోసారి ప్రపంచ కప్ వస్తుందని. అయినా రానంటే అతను ఊరుకునేలా లేడు. డ్యూరాండ్ కప్ ఫైనల్లో వాళ్ల ఊరి క్లబ్ నెరోకా ఆడుతోంది మరి.

ఎదుటి జట్టు పేరు ఆర్మీ గ్రీన్. ఈ పేర్లు రెండూ పక్కపక్కన చూడగానే రాజనీతి శాస్త్రం విద్యార్థికి ఆటకు మించిన సంగతులు గుర్తుకు రాకుండా ఉండవు. సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చే చట్టాన్ని రద్దు చేయాలంటూ 2000 నవంబర్‌లో నిరాహార దీక్షకు కూర్చున్న ఇరోమ్ షర్మిల దాన్ని విరమించి అప్పటికి నెల రోజులే అయింది. ఇంఫాల్ క్లబ్, సైన్యం జట్టు దేశ రాజధానిలో ముఖాముఖి తలపడుతున్నాయి. మైదానంలో ఏమవుతుందోనన్న భయం నాకే తప్ప రిక్షాలో ఉన్న మిగతా ఇద్దరికీ ఉన్నట్టు లేదు. వాళ్ల దిగులంతా ముందు వరసల్లో చోటు దొరుకుతుందా లేదా అన్నదే.

స్టేడియం పెద్దదేం కాదు. ఒక పక్క ఫిరోజ్ షా కోట్లా క్రికెట్ మైదానం, రోడ్డుకు ఆవల మౌలానా ఆజాద్ వైద్య కళాశాల, ఖూనీ దర్వాజా, కాస్త ముందుకెళ్తే పత్రికాఫీసులు బారులు తీరిన బహదూర్ షా జఫర్ మార్గ్. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున ఈ దారిలో ట్రాఫిక్ స్తంభించిపోతుంది. ఫుట్‌బాల్ ఉన్న రోజున పక్కనే ఉన్న దుకాణదారుకు కూడా తెలియదు. గేటు దాటి లోపలికి వెళ్తే మాత్రం వేరే దేశంలోకి అడుగుపెట్టినట్టే.

సిమెంటు మెట్ల మీద ఒకవైపు ఈశాన్య రాష్ట్రాల కుర్రకారు, మరోవైపు జవాన్లు. డప్పులు, ఈలలు, మధ్యమధ్య నాకు అర్థంకాని భాషలో నినాదాలు. మిత్రుడు అడపాదడపా అనువదించేవాడు. కాసేపటికి అదీ మానేశాడు. అవసరం లేకపోయింది కూడా. బంతి ఆర్మీ గోలు వైపు వెళ్లినప్పుడల్లా అందరితో పాటు నేనూ లేచి నిలబడుతున్నాను. మెయితీలే కాదు, మిజోలు, నాగాలు, కుకీలు, అరుణాచల్ వాళ్లు కూడా ఇంఫాల్ జట్టు కోసమే గొంతు చించుకుంటున్నారు. మ్యాచ్ గోల్ లేకుండా ముగిసింది. పెనాల్టీ షూటౌట్లో ఆర్మీ గ్రీన్ కప్పు ఎగరేసుకుపోయింది.

బయటికొచ్చాక ఎవరూ మాట్లాడలేదు. గేటు దగ్గర జవాన్లు ట్రక్కు ఎక్కుతున్నారు. వారిలో ఒకతను మమ్మల్ని చూసి ఆగి నా మిత్రుడితో మణిపురిలో ఏదో అని భుజం తట్టి వెళ్లిపోయాడు. ఏమన్నాడని అడిగితే మిత్రుడు హిందీలో చెప్పాడు, 'హమ్ హార్ గయే' అన్నాడట. ఆర్మీ జట్టు కప్పు గెలిచిన రోజున ఆర్మీ జవాను ఆ మాట అన్నాడు. హిందీ 'హమ్'లో మేము, మనం రెండూ ఉన్నాయి. తెలుగులోకి తెచ్చుకోవాలంటే ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆ రాత్రి డైరీలో నేను 'మనం ఓడిపోయాం' అనే రాసుకున్నాను.

వచ్చింది జట్టే, జనం ముందే ఉన్నారు

జట్టు వెంట ఊళ్లు తిరిగే అభిమానుల గురించి వినాలంటే అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల్ని అడగాలి. అక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తే వేరే ఆట. శనివారం వస్తే కాలేజీ జట్టు కోసం కార్లలో వందల మైళ్లు వెళ్తారు. స్టేడియం బయట కార్లు నిలిపే చోటే పొయ్యిలు వెలిగించి వంట చేసుకుంటారు. కాలేజీ బ్యాండు కూడా జట్టుతోనే ప్రయాణిస్తుంది. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. ఇంగ్లండ్‌లో అయితే పొరుగూరి అభిమానులకు టికెట్లు కేటాయించడం ఆతిథ్య క్లబ్బుకు నిబంధన. ప్రీమియర్ లీగ్‌లో ఆ టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదని 2016లో పరిమితి కూడా పెట్టారు.

మన దగ్గర ఈ లెక్కలు సాగవు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో 1,600 కిలోమీటర్లకు పైనే. ఇంఫాల్ కుర్రాడైతే కొండదారిలో బస్సెక్కి దీమాపూర్ చేరి, అక్కడి నుంచి రెండు రాత్రులు రైల్లో గడపాలి. తొంభై నిమిషాల ఆట కోసం ఇంత దూరం వచ్చేదెవరు? ఈశాన్యంలో పక్క రాష్ట్రం దాకా వెళ్లినవాళ్లు లేకపోలేదు. 2017 ఏప్రిల్ 30న ఐజ్వాల్ జట్టు ఐ-లీగ్ గెలవాలంటే షిల్లాంగ్‌లో ఓడిపోకుండా ఉంటే చాలన్న రోజున మిజోరం నుంచి అభిమానులు ఘాట్ రోడ్ల మీద అక్కడికి తరలివెళ్లారు. మ్యాచ్ డ్రా అయింది, కప్పు ఐజ్వాల్‌కు దక్కింది. కానీ ఢిల్లీ దాకా అలా వచ్చేవాళ్లు అరుదు.

అయినా ఢిల్లీ గ్యాలరీలు నిండేవి. ఎలాగంటే, ఇక్కడి అభిమాని మ్యాచ్ కోసం రాలేదు. ఎప్పుడో చదువు కోసమో, ఉద్యోగం కోసమో వచ్చి మునిర్కాలోనో, హుమాయూన్‌పుర్‌లోనో, సత్యనికేతన్‌లోనో ఇరుకు గదిలో అద్దెకుంటున్నాడు. ప్రయాణమంతా అప్పుడే అయిపోయింది. ఇప్పుడు అతని వెనకాలే అతని ఊరి జట్టు వస్తుంది. మిగతా దేశాల్లో జట్టు వెంట జనం వెళ్తారు. ఢిల్లీలో జనం వెంట జట్టు వస్తుంది.

ఇది నిన్న మొన్నటి వ్యవహారం కాదు. 1888లో సిమ్లాలో బ్రిటిష్ సైనికుల వినోదం కోసం మొదలైన డ్యూరాండ్ కప్ 1940లో ఢిల్లీకి మారింది. ఆ ఏడాది ఇర్విన్ యాంఫీథియేటర్లో (తర్వాతి నేషనల్ స్టేడియం) జరిగిన ఫైనల్లో కలకత్తాకు చెందిన మహమ్మడన్ స్పోర్టింగ్ 2-1 తేడాతో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించింది. డ్యూరాండ్ గెలిచిన తొలి భారతీయ పౌర జట్టు అదే. తెల్ల సైనికులను ఓడించడం అప్పట్లో ఫుట్‌బాల్ వార్త ఒక్కటే కాదు. 2013లో అదే క్లబ్ మళ్లీ డ్యూరాండ్ నెగ్గింది, ఈసారి అంబేద్కర్ స్టేడియంలో. ఆ స్టేడియం నుంచి పాత ఢిల్లీ గల్లీలకు నడిచి వెళ్లేంత దూరమే. కోల్‌కతా జట్టు అక్కడ పరాయి జట్టని ఎలా అనగలం? ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ వచ్చినప్పుడు చిత్తరంజన్ పార్కు బెంగాలీలు రెండుగా చీలిపోయేవారు.

ఢిల్లీ సొంత క్లబ్బుల పేర్లు చూసినా ఇదే కథ. గఢ్వాల్ హీరోస్‌ను పెట్టుకున్నది కొండల నుంచి పని కోసం వచ్చిన గఢ్వాలీలు. సిమ్లా యంగ్స్ తాను బయల్దేరిన ఊరిని పేరులోనే మోస్తోంది. ఢిల్లీలో స్థానికుడెవరని అడిగితే, కాస్త ముందు వచ్చినవాడని జవాబు చెప్పుకోవాలి.

గ్యాలరీ అంటే అద్దె లేని ఇల్లు

ఆ ఆదివారం ఈశాన్య విద్యార్థులు అంత గట్టిగా ఎందుకు అరిచారో నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన నిడో తానియా అనే విద్యార్థి లాజ్‌పత్ నగర్‌లో అడ్రసు కనుక్కోబోయాడు. అక్కడివాళ్లు అతని జుట్టునూ రూపాన్నీ గేలి చేశారు. గొడవ ముదిరి కొట్టిన దెబ్బలకు మర్నాడు ప్రాణం పోయింది. ఆ తర్వాత కేంద్రం వేసిన బెజ్బరువా కమిటీ అదే ఏడాది నివేదిక ఇచ్చింది. అయితే బస్సులో, బజారులో, ఇంటి ఓనరు గుమ్మం ముందు 'మీది ఏ దేశం?' అన్న ప్రశ్న కమిటీ నివేదికతో ఆగిపోయేది కాదు.

స్టేడియంలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఎవరిది ఏ ఊరో జెర్సీయే చెబుతుంది. బయట వారమంతా గొంతు తగ్గించుకుని బతికే పిల్లలకు అక్కడ గొంతెత్తి అరిచే హక్కు ఉంది. నలుగురి మధ్య ఒక్కడిగా ఉండే మా మిత్రుడు అక్కడ వేలమందిలో ఒకడు. హాస్టల్ మెస్‌లో మాట్లాడనివాడు మూడు గంటల్లో గొంతు పోగొట్టుకున్నాడు. సైన్యం మీద కోపం ఉందో లేదో గానీ, ఆ రోజు గ్యాలరీ అవతలి పక్కను ఒక్క బూతు మాటా అనలేదు. ఇంట్లో ఉన్నవాడికి అంత నిబ్బరం ఉంటుంది.

అదే ఢిల్లీలో డ్యూరాండ్ చివరి ఫైనల్ అవుతుందని అప్పుడు మాకెవరికీ తెలియదు. 2019లో టోర్నీ మళ్లీ మొదలయ్యేసరికి కోల్‌కతాకు వెళ్లిపోయింది. 2022లో కొన్ని మ్యాచ్‌లు ఇంఫాల్లోనే జరిగాయి. జట్టు ఇంటికి చేరింది, బాగానే ఉంది. కానీ 2023 మే 3న మణిపూర్‌లో రాజుకున్న మంటల తర్వాత మా మిత్రుడికి ఫోన్ చేసినప్పుడు ఆ గ్యాలరీ గురించి అడగాలనిపించి ఊరుకున్నాను. ఆ రోజు భుజం భుజం కలిపి అరిచిన మెయితీ, కుకీ కుర్రాళ్లు ఇప్పుడు ఒకే మెట్టు మీద కూర్చోగలరా? ఊరికి దూరంగా ఉన్న ఢిల్లీలోనే అది సాధ్యమైందేమో.

మన పోలీసులు వచ్చిన రోజులు

మరి తెలుగువాళ్లకు ఆ గ్యాలరీలో ఎప్పుడైనా చోటుందా? ఈ ప్రశ్నకు జవాబు నాకు ఆంధ్రభవన్ క్యాంటీన్ ముందు క్యూలో దొరికింది. నా ముందు నిల్చున్న పెద్దాయన కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైనవారు. పుట్టింది గుంటూరు జిల్లా అయినా పెరిగింది గోల్ మార్కెట్ దగ్గరి క్వార్టర్లలో. మాటల్లో ఫుట్‌బాల్ ప్రస్తావన రాగానే పప్పు చల్లారుతున్నా పట్టించుకోలేదు. 1961 డ్యూరాండ్ ఫైనల్‌కు వాళ్ల నాన్నగారు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారట.

ఆ కప్పు గెలిచింది ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టు. అంతకు ముందు హైదరాబాద్ సిటీ పోలీస్ పేరుతో 1950, 1954, 1957ల్లో డ్యూరాండ్ నెగ్గింది కూడా వాళ్లే. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు ఎవరికీ వదల్లేదు. వెనక ఉన్నది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. స్వతహాగా బడిపంతులు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు ఆడారు. సిటీ కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి పెట్టుకున్న 'ఎలెవన్ హంటర్స్'లోనూ ఆడారు. అంటే హైదరాబాద్ ఫుట్‌బాల్ వేళ్లు మూసీ ఒడ్డున ఒక కాలేజీ మైదానంలో ఉన్నాయి. 1951లో ఢిల్లీలోనే జరిగిన తొలి ఆసియా క్రీడల్లో, 1962లో జకార్తాలో భారత్‌కు స్వర్ణాలు వచ్చినప్పుడు కోచ్ ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా ఆయన హయాంలోనిదే. 1963లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి ఆయన పేరు తెలిసింది 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్'తోనే.

పెద్దాయన చెప్పినదాంట్లో నన్ను ఆకట్టుకున్నది స్కోరు కాదు. గ్యాలరీలో హైదరాబాద్ జట్టు తరఫున అరిచినవాళ్లలో ఎక్కువమంది పాత ఢిల్లీవాళ్లట, అదీ ఉర్దూలో. తెలుగు గుమస్తాల కుటుంబాలు ఒక మూలన కూర్చున్నాయి. 1956 నవంబర్ 1 దాకా గుంటూరువాళ్లకు హైదరాబాద్ వేరే రాష్ట్రం. కొన్నేళ్లకే ఆ జట్టు జెర్సీ మీదికి ఆంధ్రప్రదేశ్ పేరు వచ్చింది.

"మనవాళ్లే కదా అని వెళ్లాం బాబూ" అన్నారాయన. "గెలిచాక నాన్న దగ్గరికెళ్లి తెలుగులో పలకరించారు. పాపం, ఆ ఆటగాడు నవ్వి ఉర్దూలో ఏదో అన్నాడు. మేమెవరమో వాళ్లకేం తెలుసు? అయినా నెలరోజులు ఆఫీసులో నాన్న కాలర్ ఎగరేసుకునే తిరిగారు."

మనవాళ్లు, మేము. ఒకే వాక్యం వెంట మరో వాక్యంలో రెండూ వచ్చాయి. భాషాప్రయుక్త రాష్ట్రాల మీద నేను చదివిన పుస్తకాలన్నీ ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం గురించే.

జకార్తా ఫైనల్ గురించి ఆ తరం ఆటగాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. భారత అధికారి ఒకరి వ్యాఖ్యలతో స్థానికులు మండిపడుతున్నారు. స్టేడియమంతా మన జట్టును ఎగతాళి చేస్తోంది. అప్పుడు ఒక మూల నుంచి భారత్‌కు మద్దతుగా కేకలు వినబడ్డాయి. చూస్తే పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లు! పరాయి గడ్డ మీద మనవాళ్లెవరో ముందుగా తెలియదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి 2023లో మరణించిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నారు. ఇప్పటి సికింద్రాబాద్ కుర్రాళ్లలో ఆయన పేరు ఎందరికి తెలుసు?

పసుపు గ్యాలరీ, పసుపు జెర్సీ

కప్పులు వచ్చినా వెంట జనం లేకపోవడం హైదరాబాద్‌కు ఆ రోజులతో పోలేదు. 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. కోవిడ్ ఆంక్షల తర్వాత తొలిసారి ప్రేక్షకులను అనుమతించారు. హైదరాబాద్ ఎఫ్‌సీ ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. లీగ్ పట్టికలో పైనున్న హైదరాబాద్‌కు పసుపు జెర్సీ దక్కింది. పసుపునే నమ్ముకున్న కేరళ నలుపు వేసుకోవాల్సి వచ్చింది. అయినా గ్యాలరీ అంతా పసుపే, అదంతా కేరళదే. రైళ్లలో, బస్సుల్లో, మోటార్ సైకిళ్ల మీద వచ్చారు. మలప్పురం నుంచి బయల్దేరిన ఇద్దరు కుర్రాళ్లు దారిలో ప్రమాదానికి బలయ్యారు. హైదరాబాద్ తరఫున 'డెక్కన్ లీజియన్' అనే చిన్న అభిమాన బృందం ఉంది గానీ ఆ సముద్రంలో వాళ్ల గొంతు ఎంత? ఆట 1-1తో ముగిసింది. గోల్‌కీపర్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. షూటౌట్లో 3-1తో హైదరాబాద్ గెలిచింది. ఓడిన జట్టు అభిమానులు కన్నీళ్లతో తిరుగు రైలెక్కారు. గెలిచిన ఊళ్లో మర్నాడు అది పేపర్లో ఒక వార్త.

జనం లేని జట్టుకు ఊరు నిలవదు. పుణె క్లబ్ మూతపడ్డాక 2019లో దాని స్థానంలో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, ఆరేళ్లకు యాజమాన్యం మారి, డబ్బు కష్టాలు చూసి, 2025లో ఊరే మార్చేసింది. ఎక్కడికి? ఢిల్లీకే! స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అన్న కొత్త పేరుతో. ఢిల్లీకీ ఇది కొత్త కాదు. నెహ్రూ స్టేడియంలో ఆడిన ఢిల్లీ డైనమోస్ 2019లోనే భువనేశ్వర్‌కు తరలిపోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. బదిలీ మీద వెళ్లే గుమస్తాలా క్లబ్బులు సామాను సర్దుకుంటున్నాయి. గుమస్తా కనీసం పేరు మార్చుకోడు.

తప్పు యాజమాన్యాలదేనని తేల్చేయడం సులువు. పెట్టుబడి పెట్టినవాడు నష్టాన్ని ఎన్నాళ్లు భరిస్తాడన్నదీ నిజమే. కానీ గచ్చిబౌలిలో ఖాళీ కుర్చీలు నింపాల్సింది ఎవరు? గోవాకు రైలెక్కాల్సింది ఎవరు? మణిపురి విద్యార్థి ఢిల్లీలో మెస్ బిల్లు ఎగ్గొట్టి టికెట్ కొన్నాడు. మలయాళీ కుర్రాడు ఇంటర్‌నెట్‌లో రిజర్వేషన్ కోసం తెల్లవార్లూ కూర్చున్నాడు. మనం మాత్రం జట్టు గెలిస్తే 'మనం', లేకపోతే 'వాళ్లు' అనుకుని టీవీ కట్టేశాం. జట్టును సొంతం చేసేది కప్పు కాదు, దాని కోసం పడిన ప్రయాస. ఆ లెక్కన నెరోకా ఓడిన రోజున కూడా ఇంఫాల్‌ది. హైదరాబాద్ గెలిచిన రోజున కూడా ఎవరిదీ కాలేకపోయింది.

ఈ మధ్య ఓ సాయంత్రం మళ్లీ ఢిల్లీ గేట్‌కు వెళ్లాను. 2017 నుంచి మెట్రో అక్కడికే వస్తోంది, రిక్షా అవసరం లేదు. అంబేద్కర్ స్టేడియంలో స్థానిక క్లబ్బుల మ్యాచ్ ఏదో జరుగుతోంది. గ్యాలరీలో నలభై యాభై మందికి మించి లేరు. అయినా ఒక మూలన ఈశాన్య కుర్రాళ్లు అయిదారుగురు తమ ఊరివాడెవరో ఆడుతున్నట్టున్నాడు, పేరు పెట్టి అరుస్తున్నారు. బంతి అతని కాలికి తగిలినప్పుడల్లా లేచి నిలబడుతున్నారు. అలవాటుగా నేనూ లేచాను.

అక్కడి నుంచే గోల్ మార్కెట్ పెద్దాయనకు ఫోన్ చేశాను. హైదరాబాద్ జట్టు ఢిల్లీకి వచ్చేసిన సంగతి ఆయనకు ముందే తెలుసు. "అరవై ఏళ్లు దాటాక మళ్లీ వచ్చిందన్నమాట" అని నవ్వారు. "నెహ్రూ స్టేడియంలో మ్యాచ్ పడితే చెప్పు బాబూ, వెళ్దాం."

"వెళ్దాం గానీ, ఎవరి తరఫున అరవాలండీ?" అన్నాను.

అటువైపు కాసేపు చప్పుడు లేదు. "ముందు వెళ్లి కూర్చుందాం" అన్నారాయన.